ఇంట్లో రేషన్ సన్నబియ్యం ఉండగా డబ్బు పెట్టి జొన్నలు కొనడం పొదుపేనా?

బత్తాయి తోట (నల్లగొండ):
మాది ఐదుగురి ఇల్లు. నేను, ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. కార్డు మీద మనిషికి 6 కిలోల చొప్పున నెలకు 30 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో ఈ పథకం మొదలుపెట్టినప్పటి నుంచి బయట బియ్యం కొనడం దాదాపు మానేశాం. అంతకుముందు వచ్చే దొడ్డు బియ్యాన్ని గిర్నిలో పట్టించి తపాలచెక్కలకు, మురుకులకు వాడేదాన్ని. తినడానికి మాత్రం మిర్యాలగూడ బియ్యం కొనేవాళ్లం. ఇప్పుడు ఆ ఖర్చు తప్పింది.

కారం, ధనియాల పొడి, అల్లమెల్లిపాయ ముద్ద, ఏడాదికి సరిపడా మామిడికాయ తొక్కు, అన్నీ ఇంట్లోనే. పాత చీరలతో బొంతలు కుడతాను. పిల్లల ప్యాంట్లు పొట్టివైతే కూరగాయల సంచులవుతాయి. రూపాయి దగ్గర చాలా గట్టిగా ఉంటాను. అత్తమ్మకు మాత్రం రాత్రి జొన్నరొట్టె ఉండాలి. ఆమె తింటుంటే ఆయనకూ కావాలి. జొన్నలు మా దగ్గర కిలో అరవై దాకా ఉన్నాయి, నెలకు పది కిలోలు పడుతున్నాయి. బియ్యం ఉచితంగా వస్తుంటే ఇది దుబారా అని నేనంటాను. ఆరోగ్యానికి పెట్టేది ఖర్చు కాదు, పొదుపే అని ఆయనంటాడు. మీ ఇళ్లల్లో ఎలా చేస్తున్నారు?

మూసీ ఒడ్డు (సూర్యాపేట):
పగలు అన్నం, రాత్రి రొట్టె. మా ఇంట్లో ఎప్పటి నుంచో ఇంతే.

రాళ్లచెల్క (కల్వకుర్తి):
చెల్లె, మీ లెక్కలో సగమే ఉంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు చూడండి. సాధారణ రకం వడ్లు క్వింటాలుకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్న 3,699. జొన్న చాలా పిరం అనిపిస్తుంది. కానీ క్వింటాలు వడ్లు మిల్లుకు పోతే తిరిగొచ్చేది 67 కిలోల బియ్యమే. అంటే మిల్లు కూలి, రవాణా వేయకముందే కిలో 35 దాటింది. జొన్నల్లో ఊక, తవుడు అని పోయేది లేదు. పట్టించినదంతా తిండే. కిలో 37 రూపాయలు. తేడా రెండు రూపాయలు కూడా లేదు.

మరి అరవై ఎందుకైంది? పండించేవాడు లేక. మా తాలూకా మొత్తం ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది. ఇప్పుడు ఎటు చూసినా పత్తి. పైగా 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల ప్రోటీన్, దాదాపు అంతే పీచు ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. రెండు రొట్టెలు తిన్నవాడు తెల్లారేదాకా ఆకలి అనడు. అదే అన్నం తింటే పదింటికి మళ్లీ బిస్కెట్లు, మిక్చర్ వెతుక్కుంటాడు. ఆ మిక్చర్ డబ్బులు కూడా రాసుకుని అప్పుడు చెప్పండి ఏది పొదుపో.

సాగర్ కాలువ (హాలియా):
ఆమెకు బియ్యం 35 రూపాయలు కాదన్నా, ఉచితం. మీరు లెక్క కట్టింది ప్రభుత్వం ఖర్చు, ఆమె ఖర్చు కాదు.

రాళ్లచెల్క:
ఉచితం అంటే ఎవరూ కట్టలేదని కాదు. మన డబ్బే.

సాగర్ కాలువ:
సరే. మన డబ్బే అయినప్పుడు, ఆ బియ్యం తినకుండా పక్కన పెట్టి ఇంకో ఆరు వందలు పెట్టడం ఏం పొదుపు?

కందనూలు కోడలు (నాగర్‌కర్నూల్):
మీ ఇద్దరి లెక్కలోనూ గ్యాస్ లేదు. ఐదుగురికి అన్నమంటే కుక్కర్‌లో నాలుగు విజిల్స్, అయిపోయింది. రొట్టెలంటే మనిషికి రెండు వేసుకున్నా పది. ముందు ఎసరు కాగాలి, పెనం కాగాలి, ఒక్కో రొట్టె రెండు వైపులా పెద్ద మంట మీద కాలాలి. అరగంటకు పైనే పొయ్యి వెలుగుతుంది. అయిదు వందల సిలిండర్ పథకం ఉన్నా ముందు పూర్తి డబ్బు మనమే కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. నెలకు ఎన్ని రోజులు ముందే సిలిండర్ అయిపోతుందో బత్తాయి తోట అక్కను చూసుకోమనండి.

రాళ్లచెల్క:
గ్యాస్ మీదే ఎందుకు? కట్టెల పొయ్యి మీద చేసుకోవచ్చు. పత్తికట్టె చేలల్లో ఊరికే తగలబెడుతున్నారు. తెచ్చుకుంటే రూపాయి ఖర్చు లేదు.

మూసీ ఒడ్డు:
పత్తికట్టె రొట్టెకు పనికిరాదు. భగ్గుమని మండి ఆరిపోతుంది. కందికట్టె అయితే మంట నిలకడగా ఉంటుంది.

రాళ్లచెల్క:
బాగా ఎండిన పత్తికట్టె బానే మండుతుంది. మా ఇంట్లో అదే.

మూసీ ఒడ్డు:
పత్తికి కొట్టిన మందులన్నీ ఆ కట్టెకే ఉంటాయి. ఆ పొగ మీద రొట్టె కాల్చి ఆరోగ్యం అంటే ఎట్లా?

కందనూలు కోడలు:
మేం ఉండేది కిరాయి ఇంట్లో, రెండో అంతస్తులో. కట్టెల పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో కూడా మీరే చెప్పండి.

గిర్ని (జడ్చర్ల):
నాది పిండి గిర్ని, కాబట్టి ఒక్క మాట. జొన్నపిండి నిలవ ఉంటే జిగి పోతుంది, చేదెక్కుతుంది. నెల మొత్తానికి ఒకేసారి పట్టించుకుపోతారు. పదిహేను రోజులయ్యేసరికి రొట్టె ఒత్తుతుంటేనే పగిలిపోతుంది, పిండి మంచిది కాదని మమ్మల్ని అంటారు. వారానికి సరిపడా పట్టించుకోండి. తడిపేటప్పుడు మరిగిన ఎసరే పోయాలి. గోధుమలో ఉండే సాగే గుణం జొన్నలో లేదు, వేడినీళ్లతోనే పిండి కలిసి వస్తుంది. పగిలిన రొట్టె పారేయడం కన్నా పెద్ద దుబారా లేదు.

బత్తాయి తోట:
మిగిలిన రొట్టెలు మేం పారేయం. పొద్దున నలిపి బెల్లం, నెయ్యి వేసి మలీద చేస్తే పిల్లలు తినేస్తారు. మరీ గట్టిపడితే చల్లలో నానేస్తాను. కానీ గ్యాస్ సంగతి నిజమే, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఒంటరి డెస్క్ (ఎల్బీ నగర్):
సాయంత్రం రోడ్డు పక్కన అక్కలు వేడివేడిగా చేసి అమ్ముతున్నారు కదా. ఇద్దరే ఉంటే కొనుక్కోవడమే మేలు. మాకు అదే కుదిరింది.

రాళ్లచెల్క:
గ్యాస్, టైమ్, మేడ మీది ఇల్లు. ఇవన్నీ సాకులు. స్విచ్ వేస్తే అన్నం అయిపోయే అలవాటు పడ్డాక ఎవరికీ ఒళ్లు వంగడం లేదు. మా అమ్మ నాలుగింటికి లేచి ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసి, మూట కట్టుకుని చేనుకు పోయేది. ఏనాడూ కష్టమని అనలేదు. ఉచిత బియ్యం వచ్చి మనుషుల్ని సోమరులను చేసింది.

కందనూలు కోడలు:
అనలేదా, లేక మీరు అడగలేదా?

నేను చెప్తాను వినండి. పెళ్లయిన కొత్తలో మా అత్తగారింట్లో కోతల కాలం. కూలీలకు కూడా మన ఇంటి నుంచే రొట్టెలు పోవాలి. కడుపుతో ఉన్నాను, ఏడో నెల. కింద కూర్చుంటే లేవలేను. పొయ్యి ముందు పీట వేసుకుని గంటల తరబడి రొట్టెలు కొట్టాను. మరిగిన ఎసరు పోసిన పిండిని వేడి మీదే పిసకాలి, చల్లారనిస్తే పగుళ్లు. అరచేతులు ఎర్రగా కమిలిపోయేవి. అందరూ తిన్నాక నాకు మిగిలేది చివరి రొట్టె, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. 'కోడలు రొట్టె బాగా చేస్తుంది' అన్నారు తప్ప ఒక్కరూ వచ్చి పెనం దగ్గర నిలబడలేదు. పట్నం వచ్చి కుక్కర్ కొనుక్కున్న రోజు నాకు ఎంత సుఖమనిపించిందో మీకు చెప్పినా అర్థం కాదు.

ఇప్పుడు ఒక్కటే ప్రశ్న. మీ ఇంట్లో రొట్టె ఎవరు చేస్తున్నారు?

రాళ్లచెల్క:
మా ఇంటి విషయం ఇక్కడెందుకు. ఆడవాళ్లు వంట చేయడం, మగవాళ్లు చేను చేయడం మా దగ్గర ఉన్నదే. నేను మాట్లాడేది పంట గురించి.

మూసీ ఒడ్డు:
జవాబు వచ్చింది కదా.

వలస బిడ్డ (మక్తల్):
నేను చాలాసేపటి నుంచి చదువుతున్నాను. సోమరులు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మా నాయన పాలమూరు లేబర్. పుణె, ముంబై, ఎక్కడ డ్యామ్ కడుతుంటే అక్కడ మట్టి పని. నేను చిన్నప్పుడు మా అవ్వ దగ్గర ఊళ్లో ఉండేవాణ్ణి. మాకు రోజూ జొన్నగట్కే, చల్ల దొరికితే చల్ల, లేకపోతే ఉప్పు, మిరపకాయ. అన్నం పండుగకు, లేదా పెద్ద రైతు ఇంట్లో పెళ్లికి. అక్కడ కూడా మాకు చివరి పంక్తి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా అవ్వ మొదటిసారి మామూలు రోజున అన్నం వండిందని మా నాయన ఇప్పటికీ చెప్తాడు. అప్పుడు కూడా ఊళ్లో పెద్దవాళ్లు ఇదే అన్నారట, 'బియ్యం తిని కూలోళ్లు పనికి రావడం మానేస్తారు' అని.

జొన్నలో ప్రోటీన్ ఉందంటున్నారు. ఉండొచ్చు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నప్పుడు పెద్ద హోటళ్లు కూడా జొన్నలు వండాయి. కానీ మేం తిన్నది పప్పు, కూర, నెయ్యి వేసుకుని తిన్న జొన్న కాదు. ఉత్త గట్క. దాంతో మాకు ఏ ఆరోగ్యమూ రాలేదు. కలిగినవాళ్లు తినే సన్నబియ్యం మా పిల్లల కంచంలోకి ఇప్పుడిప్పుడే వచ్చింది. అప్పుడే అది తినొద్దు, రొట్టెకు తిరిగి పొమ్మంటున్నారు. అది తిన్నందుకు సోమరులం కూడా అయ్యాం.

సాగర్ కాలువ:
అన్నా, ఈ మాట తర్వాత నా లెక్కలు చిన్నగా కనిపిస్తున్నాయి.

రాళ్లచెల్క:
వలస బిడ్డ తమ్మీ, మీ నాయన లాంటి వాళ్లను అన్న మాట కాదది. మాకూ పెద్ద భూమి ఏమీ లేదు. నాలుగెకరాల చెల్క, బోరు ఎండిపోయింది.

నా బాధ ఏమిటో చెప్తాను. నిరుడు రెండెకరాలు పచ్చజొన్న వేశాను. చుట్టూ పత్తి, నాది ఒక్కడిదే జొన్న. కంకి పాలు పోసుకునేటప్పటికి ఊళ్లో ఉన్న పిట్టలన్నీ నా చేను మీదే. మంచె కట్టి, ఒడిసెల పట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడ్డాను. అందరూ జొన్న వేసిన రోజుల్లో పిట్టలు తలా కొంచెం తినేవి, ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కడే వేస్తే వాడిదే మొత్తం పోతుంది. ఎడ్లు లేవు కాబట్టి చొప్ప అడిగేవాడు లేడు. మిగిలిన గింజలను తీసుకుపోతే మద్దతు ధరకు కొనేవాడూ లేడు. ఊళ్లో వాళ్లే 'ఇంట్లో సన్నబియ్యం ఉన్నాయి, నీ జొన్నలెందుకు' అన్నారు. పాలెం పరిశోధన కేంద్రం వాళ్లు మంచి విత్తనాలు తయారు చేస్తున్నారు. వేసిన తర్వాత తినేవాడు లేకపోతే ఆ విత్తనం ఎందుకు? ఈ ఏడు నేను కూడా పత్తి వేయాల్సి వస్తుంది. అందుకే కడుపు మండి మాట్లాడాను.

గిర్ని (జడ్చర్ల):
ఇది నిజం. మా నాయన కాలంలో గిర్నిలో రోజంతా జొన్న ఆడేది. ఇప్పుడు వారానికి ఒకరోజు జొన్నకు పెడుతున్నాం, అది కూడా షుగర్ వాళ్ల కోసమే.

కందనూలు కోడలు:
అన్నా, మీ చేను బాధ నాకు అర్థమైంది. మొదటే అది చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ మీ పంటను నిలబెట్టే భారం మా చేతుల మీద ఎందుకు పెడుతున్నారు? ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2, ముతక ధాన్యాలు 1 అని అందులోనే రాశారు. ముతక ధాన్యాల్లో జొన్న ఉంది. మరి మన రేషన్ షాపులో జొన్న ఎందుకు లేదు? మీ దగ్గర మద్దతు ధరకు కొని షాపులో ఇమ్మని అడగండి. దానికైతే నేను సంతకం పెడతాను. బత్తాయి తోట అక్క ఆరు వందలు పెట్టి, అరగంట పొయ్యి దగ్గర నిలబడి మీ పంటను కాపాడాలంటే మాత్రం ఒప్పుకోను.

రాళ్లచెల్క:
ఇది నాకు నచ్చింది. మనిషికి వచ్చే 6 కిలోల్లో రెండు కిలోలు జొన్న ఇస్తే చాలు, మా జిల్లా చెల్కలన్నీ బతుకుతాయి.

బత్తాయి తోట:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో మాట్లాడాను. జొన్నలు పది కాదు, ఐదు కిలోలే, వారం వారం పట్టిస్తాం. రొట్టె కావాలన్నవాళ్లే పిండి తడపాలని చెప్పాను. అత్తమ్మ వెంటనే సరేనంది, ఆమెకు ఇప్పటికీ నాకన్నా బాగా వస్తాయి. ఆయన మాత్రం తనకు అన్నం చాలన్నాడు.

కందనూలు కోడలు:
ఆరోగ్యానికి పెట్టే ఖర్చు పొదుపు అన్నది ఆయనే కదా అక్కా.

వలస బిడ్డ:
రాళ్లచెల్క అన్నా, మీరు రెండు కిలోలు జొన్న అన్నారు. అది 6 కిలోల బియ్యంలోంచి తీసి ఇచ్చేదా, 6 కిలోల మీద అదనంగా ఇచ్చేదా?

రాళ్లచెల్క:
అదనంగా ఏ ప్రభుత్వమూ ఇవ్వదు తమ్మీ. మార్చుకోవాల్సిందే. తినే పంట మారకపోతే వేసే పంట మారదు.

వలస బిడ్డ:
అట్లయితే నేను సంతకం పెట్టను. బియ్యం బియ్యంలా ఉంచి, జొన్న మీద నుంచి ఇస్తామంటే మా ఊరు మొత్తంతో పెట్టిస్తాను.