బేస్‌మెంట్‌లో గదులు వేద్దామనుకుంటున్నాం, లేఅవుట్ ఎట్ట వేస్తే బాగుంటుంది?

పొదలకూరు రోడ్డు
నెల్లూరులో మా ఇంటి కింద బేస్‌మెంట్ ఉంది. 28 అడుగులు బై 40. నేల నుంచి స్లాబుకి తొమ్మిదడుగులు, అడ్డంగా పోయే రెండు బీముల కింద మాత్రం ఏడున్నరే. ఐదేళ్ళుగా పాత సామాను పడేసి ఉంది. ఇప్పుడు అందులో ఒక హోమ్ థియేటర్, చుట్టాలొస్తే పడుకోవడానికి ఒక గది, దానికి బాత్రూమ్, అమ్మకి బియ్యం బస్తాలు, జాడీలు పెట్టుకునే స్టోరు కావాలి. మెట్లు దక్షిణం గోడ పక్కన. ఈశాన్యం మూల గోడకి అవతల సంపు. పైన బాత్రూములు పడమర వైపు. ఏది ఎటు పెట్టాలి? చేయించుకున్నోళ్ళు, చేయించుకుని బాధపడినోళ్ళు చెప్పండి.

ఒంగోలు గిత్త
ముందు పేరు సరిచేసుకోండి. బేస్‌మెంట్ అంటే పునాది మీద ఇల్లు లేచే ఎత్తు. 'బేస్‌మెంట్ మూడడుగులు లేపాం' అంటాం. మీరు అడిగేది సెల్లార్. నేను బేస్‌మెంట్‌లో గదులేంది అనుకుని రెండుసార్లు చదివినా.

పొదలకూరు రోడ్డు
సెల్లారే అన్నా. లేఅవుట్ గురించి ఏమన్నా చెప్తావా?

ఒంగోలు గిత్త
చెప్పడానికి మాకు సెల్లార్ లేదు. మాది రేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెరలిస్తుంది. ఆ నేలలో లోతుకి తవ్వి గోడ కట్టాలంటే పైన ఇంకో అంతస్తు డబ్బులవుతాయన్నాడు మేస్త్రి.

కోవూరు కోడలు
2021 నవంబరు మర్చిపోయారా అందరూ? సోమశిల డ్యామ్ నుంచి ఐదు లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. మా అత్తగారింట్లో కింద సోఫా, డీప్ ఫ్రీజర్, మామయ్య గారి పాత దస్తావేజుల బీరువా. ఫ్రీజర్ తేలింది, బీరువా తేలలేదు. ఏది బాధో మీరే ఊహించుకోండి. నీళ్ళు తోడటానికి మూడు రోజులు, బురద ఎత్తటానికి పదిరోజులు. పొదలకూరు రోడ్డు ఏటికి దూరమే అనుకోండి. అయినా స్విచ్ బోర్డులన్నీ నాలుగడుగుల పైన పెట్టించండి. మెయిన్ బోర్డు అసలు కింద పెట్టొద్దు. ఆ సెల్లార్ లైన్‌కి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే కట్ చేసే స్విచ్, విడిగా ఉండాలి. నీళ్ళలో దిగే ముందు పైనుంచే కరెంటు తీసేసేలా ఉండాలి. అంతే, మిగతావి మీ ఇష్టం.

ఒహాయో నెల్లూరోడు
మా ఇంట్లో బేస్‌మెంట్ నేనే సొంతంగా ఫినిష్ చేశా, రెండు శీతాకాలాలు పట్టింది. ఇక్కడ కింద పడకగది వేస్తే మనిషి దూరి బయటపడే కిటికీ తప్పనిసరి. తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, కిటికీ అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. అది లేకపోతే బెడ్‌రూమ్ అని లెక్కలోకే రాదు. మెట్ల దగ్గర మంటలొస్తే లోపలున్నోడు ఎటు పోతాడు? మీ లేఅవుట్ ఆ కిటికీ దగ్గర మొదలవ్వాలి, థియేటర్ దగ్గర కాదు.

దర్గామిట్ట
మీ అమెరికాలో చెక్క ఇళ్ళు బ్రదర్, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటాయి. మావి కాంక్రీటు.

ఒహాయో నెల్లూరోడు
కాంక్రీటు అంటుకోదు సరే, మీ రిక్లైనరు, ఫోము, పరదాలు అంటుకోవా? మనిషిని చంపేది పొగ. చిన్నప్పుడు నేనూ మన నెల్లూరు మూలాపేటలోనే చదివా, నాకు కాంక్రీటు గురించి చెప్పొద్దు.

సివిల్ 22 ఏళ్ళు
ఇరవై రెండేళ్ళ అనుభవంతో చెప్తున్నా, వినేవాళ్ళు వినండి. మొదటిది, సెల్లార్ అని ప్లాను పాస్ అయ్యేది పార్కింగ్‌కి. పడకగది వేస్తే డీవియేషన్, అంటే పాస్ అయిన ప్లానుకి విరుద్ధం, కిందికొస్తుంది. కార్పొరేషన్‌లో టౌన్ ప్లానింగ్ వాళ్ళని అడిగి మొదలెట్టండి. రెండోది, బాత్రూమ్ ఆలోచన మానుకోండి. వీధిలో డ్రైనేజీ చాంబర్ మీ సెల్లార్ నేల కన్నా పైన ఉంటుంది. నీళ్ళు పల్లానికి పోతాయి కానీ మెరకకి పోవు.

ప్లంబింగ్ మాది
సార్ ఇరవై రెండేళ్ళు ఎక్కడ చేశారో కానీ, పంపు అనేది ఒకటుందని తెలిసినట్టు లేదు. సెల్లార్ నేలలో చిన్న గుంట, మూత బిగుతుగా, అందులో కటర్ ఉన్న పంపు. ఫ్లోట్ లేవగానే అదే ఆన్ అయి పైన చాంబర్‌కి ఎక్కిస్తుంది. లైన్‌లో నీళ్ళు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు, గుంటకి ఒక గాలి పైపు. నేనే నాలుగు బిగించా.

సివిల్ 22 ఏళ్ళు
కరెంటు పోతే?

ప్లంబింగ్ మాది
ఇన్వర్టర్.

సివిల్ 22 ఏళ్ళు
అంత మోటారుకి ఇన్వర్టరు పెట్టి, ఒక కమోడ్ కోసం? ఒక్కసారి ఆ వాల్వులో చెత్త ఇరుక్కుంటే వీధి మొత్తం మీ గెస్ట్ రూములో. నేను చూశా కాబట్టే చెప్తున్నా.

ప్లంబింగ్ మాది
చెత్త ఎవరు వేస్తారు సార్? వాడేవాళ్ళని బట్టి.

వేదాయపాళెం
మేం వేశాం సార్ 😐 మొన్న సంక్రాంతికి ఇంటినిండా పిల్లలు. ఎవరో డైపర్ వేసి ఫ్లష్ కొట్టారు. కనుమ రోజు పంపు జామ్. పండగపూట ఎవడొస్తాడు? మా బావమరిది ముక్కుకి తువ్వాలు కట్టుకుని మూత తీశాడు. ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడడు. పంపు తప్పు కాదు. కానీ పెట్టించే ముందు అది కూడా లెక్కలో వేసుకోండి.

వాస్తు రత్నం
ఈశాన్యంలో మరుగుదొడ్డి పెడితే ఇలాగే ఉంటుంది.

వేదాయపాళెం
మాది వాయవ్యంలో ఉందండీ.

వాస్తు రత్నం
అయితే లోపం ఇంకెక్కడో ఉంటుంది. ఇక ప్రశ్న అడిగినాయనకి: నైరుతి పల్లం పనికిరాదు, సెల్లార్ మొత్తం ఇంటి కింద సమంగా ఉంటే దోషం లేదు.

సివిల్ 22 ఏళ్ళు
మళ్ళీ మొదలా. గోడ పక్క మట్టిలో నీళ్ళున్నాయా లేవా అనేది ముఖ్యం. నైరుతి తర్వాత చూద్దాం.

కందుకూరు టీచరు
ఒక్క మాట అడుగుతా. సంపు సెల్లార్ గోడకి ఆనుకునే ఉందా, మధ్యలో మట్టి ఉందా?

దర్గామిట్ట
థియేటర్ గురించి ఎవరూ మాట్లాడట్లేదే. మూల నుంచి మూలకి 120 అంగుళాల తెర వెడల్పు ఎనిమిది ముక్కాలు అడుగులొస్తుంది. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి మెట్టు కట్టి వేస్తారు చూడు, ఆ వెనక మెట్టు బీము కిందికి రాకుండా చూసుకోవాలి. ఏడున్నర కింద ఒక అడుగు మెట్టు పోతే ఆరున్నర. మా ఫ్రెండు లేచి చప్పట్లు కొట్టబోయి నెత్తి పగలగొట్టుకున్నాడు. ఏసీ పైపు కోసం బీముకి కన్నం పెడతానంటాడు ఏసీ అబ్బాయి, పెట్టనివ్వొద్దు. ఆ ఏసీ నీళ్ళు కూడా కిందనుంచి పైకి పోవు, దానికో బుల్లి పంపు ఉంటుంది.

చీమకుర్తి
ఫ్లోరింగ్‌కి గ్రానైటే వేయండి. మా ఊరి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ప్రపంచం మొత్తం పోతుంది.

కోవూరు కోడలు
ప్రపంచం మొత్తం పోయింది, మా సెల్లార్‌లో మాత్రం చెమట పట్టింది. వానాకాలం తలుపు తీయగానే నేలంతా తడే. అత్తయ్య ఒకసారి జారారు.

చీమకుర్తి
అది రాయి తప్పు కాదక్కా. చల్లటి నేల మీదికి బయటి తేమ గాలి వస్తే నీరు పడుతుంది, మీ చల్ల గ్లాసుకి పట్టినట్టే. తేమ గాలి వచ్చినప్పుడు తలుపులు మూసి ఏసీ డ్రై మోడ్‌లో పెట్టుకోవాలి. నున్నటి పాలిష్ బదులు కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ వేయించుకుంటే జారదు.

కోవూరు కోడలు
అంటే రాయి కోసం ఏసీ. బాగుంది.

అమ్మ చేతి జాడీ
స్టోరు మాట ఎవరూ ఎత్తలేదు. మగాళ్ళంతా థియేటరు, పంపు. మాగాయ జాడీలు కింద పెట్టా, చల్లగా ఉంటుందని. ఉప్పు తేమని లాగుతుందని అమ్మ చెప్తూనే ఉంది, వినలేదు. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ చెమ్మగిల్లి పైన తెల్లగా బూజు. మొలగొలుకుల బియ్యం బస్తా గోడకి ఆనించి పెడితే అడుగు ముక్కింది. స్టోరు కింద వేస్తే బయటి గోడకి కాక లోపలి వైపు, మెట్ల కింద వేయండి. బస్తాలు చెక్క బల్ల మీద, గోడకి జానెడు దూరంలో. జాడీలు మాత్రం పైనే.

దర్గామిట్ట
మాగాయకి నెల్లూరు చేపల పులుసుకి జోడీ కుదరదు అని మా నాన్న అనేవాడు

అమ్మ చేతి జాడీ
దానికి దీనికి ఏంటి సంబంధం?

కందుకూరు టీచరు
జాడీల మాటొచ్చింది కాబట్టి. కింద టీ పెట్టుకోవడానికని స్టవ్వు, సిలిండరు మాత్రం పెట్టొద్దు. వంట గ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే సెల్లార్ నేల మీద పరుచుకుని అక్కడే ఉంటుంది, బయటికి పోదు. జనరేటరు కూడా అంతే, దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. నా సంపు ప్రశ్నకి జవాబు రాలేదు.

ఒహాయో నెల్లూరోడు
టీచరుగారు చెప్పింది అక్షరాలా నిజం. లేఅవుట్ వేసే ముందు ఒక పని చేయండి. మూడు నాలుగు చోట్ల గజం చదరం పాలిథీన్ కవరు నేల మీద, గోడకి పరిచి నాలుగంచులూ టేపు వేసి ఒక రోజు వదిలేయండి. అడుగున చెమ్మ వస్తే తేమ కాంక్రీటు లోంచి వస్తున్నట్టు. పైన వస్తే గాలి లోంచి.

సివిల్ 22 ఏళ్ళు
ఇది మంచి సలహా. వీధి వీధంతా నానిన ఈ నవంబరులోనే చేయండి. మన జిల్లాకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతోనే. మేలో చూసి పొడిగా ఉందని ప్లైవుడ్ బీరువాలు కొట్టించుకుని, కార్తీకంలో చెద పట్టించుకున్నోళ్ళు నా దగ్గరికే వస్తారు.

పొదలకూరు రోడ్డు
శనివారం నాలుగు కవర్లు వేశా. పడమర, దక్షిణం, మధ్యలో పొడి. ఈశాన్యం గోడ మీది కవరు మాత్రం చేత్తో పిండితే కారేంత. టీచరుగారూ, సంపు గోడా సెల్లార్ గోడా ఒకటే. మధ్యలో మట్టి లేదు. కట్టేటప్పుడు గోడ ఖర్చు కలిసొస్తుందన్నాడు మేస్త్రి.

కందుకూరు టీచరు
అదే అనుకున్నా. మునిసిపాలిటీ నీళ్ళు రాని రోజు చూసి, రాత్రి మోటారు ఆపేసి సంపులో నీటి మట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీయండి. పొద్దున్నే చూడండి.

పొదలకూరు రోడ్డు
రెండున్నర అంగుళాలు దిగింది. ఎవరూ కుళాయి కూడా తిప్పలేదు. ఐదేళ్ళుగా సెల్లార్‌కి నీళ్ళు తాపుతున్నాం అన్నమాట.

ప్లంబింగ్ మాది
సెల్లార్ వైపు నుంచి కెమికల్ పూయిస్తే సరిపోతుంది అన్నా, ఒక్క రోజు పని.

సివిల్ 22 ఏళ్ళు
సరిపోదు. లోపలి నుంచి పూస్తే వెనక నీరు తోసి పెచ్చులూడగొడుతుంది. నీళ్ళున్న వైపే ఆపాలి. సంపు ఖాళీ చేసి, మూలలు గుండ్రంగా తీర్చి, సంపు లోపల వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ఆ తర్వాత గోడ ఆరడానికి వదిలేయండి. తొందరపడి జిప్సమ్ బోర్డు కొట్టొద్దు, బూజు పడుతుంది. సిమెంటు బోర్డు వాడండి, అది కూడా నేలకి అర అంగుళం పైకి.

పొదలకూరు రోడ్డు
సరే సార్. గెస్ట్ రూము, బాత్రూము తీసేశాం. మా ఆవిడ వేదాయపాళెం గారి బావమరిది కథ చదివి తనే కొట్టేసింది. పడమర వైపు గోడకీ బీముకీ మధ్య పదమూడు అడుగుల బేలో థియేటర్, బీము కుర్చీల వెనక్కి పోయేలా. మెట్ల కింద స్టోరు, బస్తాలకే. ఈశాన్యం వైపు గోడకి ఏమీ ఆనించకుండా టేబుల్ టెన్నిస్ బల్ల. థియేటర్ కోసమే అయినా రెండో దారి కావాలని ఒహాయో అన్న మాట వదల్లేదు, ఉత్తరం వెంటిలేటర్ని పెద్దది చేసి బయట మెట్ల గుంట కట్టొచ్చేమో ఇంజినీరుని, టౌన్ ప్లానింగ్ వాళ్ళని అడగాలి.

వాస్తు రత్నం
సంపు ఈశాన్యంలో ఉండటం మాత్రం శాస్త్రప్రకారం కరెక్టే.

పొదలకూరు రోడ్డు
అవునండీ, శాస్త్రప్రకారమే కారుతోంది.

దర్గామిట్ట
సంపు ఖాళీ చేసినన్ని రోజులు నీళ్ళెట్ట అన్నా? ట్యాంకరు ఎంతకొస్తోంది ఇప్పుడు ఆ వైపు?