చైనా అక్షరాలు: గీతల వరస అవసరమా, వట్టి చాదస్తమా?

కొత్తబలపం:
ముప్పై ఎనిమిదేళ్ళకి చైనీస్ మొదలుపెట్టాను, ఆరు నెలలైంది. మొన్న ‘నోరు’ అనే అక్షరం రాయమంటే నాలుగు గీతలు గీసి డబ్బా కట్టాను. మా టీచరు కొట్టేసింది. అది మూడు గీతలట: ఎడమ నిలువు, పైన అడ్డంగా వెళ్ళి మలుపు తిరిగి కుడివైపు దిగేది ఒకటి, చివర అడుగు. రాసి పక్కపక్కన పెడితే రెండూ ఒకటే డబ్బా! కంటికి కనపడని దానికి మార్కులు తీసేయడం ఏం న్యాయమండీ?

ఈవూ సరుకు:
చాదస్తమే. ఏడాదికి రెండుసార్లు చైనాలో ఈవూ మార్కెట్టుకెళ్ళి ఫ్యాన్సీ సరుకు తెస్తాను. నా చైనీస్ అంతా ఫోన్లోనే. పిన్యిన్‌లో, అంటే చైనీస్ పలుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కింద చైనా అక్షరాలు వరసగా వస్తాయి, కావాల్సింది ఏరుకోవడమే. చేత్తో రాయమంటే అక్కడి కుర్రాళ్ళే గుర్తురాక ఫోన్ తీస్తారు. మీకెందుకీ బాధ?

నైట్‌డ్యూటీ:
అన్నా, బేరానికి అది చాలు. నేను ఎంబీబీఎస్ అక్కడే చదివాను. నాలుగేళ్ళు మీ మాటే నా మాట. ఇంటర్న్‌షిప్‌లో పెద్ద డాక్టరు చేత్తో రాసిన కాగితం ఇస్తే, అచ్చులో రోజూ చూసే అక్షరాలు కూడా పోల్చుకోలేకపోయాను. అది అచ్చంగా మన పాత కరణాల గొలుసుకట్టు. నీటికి సంబంధించిన చాలా అక్షరాలకి ఎడమపక్క మూడు చుక్కలుంటాయి కదా? చేతిరాతలో అవి కలిసిపోయి ఒక్క మెలిక మిగులుతుంది. కలం ఏ చుక్క మీంచి ఏ చుక్కకి పోయిందో తెలిసినవాడికే అది నీళ్ళు, మిగతావాళ్ళకి పిచ్చిగీత. గొలుసు పడేదే ఆ వరసలో. వరస తెలియకుండా రాయడం సరే, ఇంకొకరు రాసింది ఎలా చదువుతారు?

నగోయా నుంచి:
ఇంతకీ ‘సరైన వరస’ అంటే ఎవరిది? ‘రాజు’ తీసుకోండి, మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువు. చైనాలో రెండు అడ్డాలు గీశాక నిలువు, ఆఖర్న అడుగు అడ్డం. ఇక్కడ జపాన్‌లో ఒక అడ్డం, వెంటనే నిలువు, తర్వాత మిగతా రెండూ. ‘కుడి’, ‘ఎడమ’ అన్న అక్షరాలు చైనాలో రెండూ అడ్డగీతతోనే మొదలు. ఇక్కడ ‘ఎడమ’ అడ్డగీతతో, ‘కుడి’ ఏటవాలు గీతతో. 1958లో జపాన్ విద్యాశాఖ ఇచ్చిన చేతిపుస్తకమే, ఇందులో లేని వరసల్ని తప్పు అనడం లేదని రాసుకుంది. చైనా మాత్రం 1997లో 7000 అక్షరాలకి, 2021 నుంచి 8105 అక్షరాలకి వరస ఖాయం చేసింది. రెండు దేశాల పిల్లలూ చక్కగానే రాస్తున్నారు మరి.

నైట్‌డ్యూటీ:
నిజమే, కానీ అక్కడిదో ఇక్కడిదో ఏదో ఒక వరస అందరికీ ఉంది. అసలు వరసే లేకుండా గీయడం వేరు. ఇంకోటి, నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడకి పిన్యిన్ రాదు. ఆవిడ ఫోన్లో గీతల కీబోర్డు ఉండేది, ఐదే మీటలు: అడ్డం, నిలువు, ఎడమకి జారేది, చుక్క, మలుపు. ‘రాజు’ కావాలంటే అడ్డం, అడ్డం, నిలువు, అడ్డం నొక్కాలి. నగోయా గారి వరసలో నొక్కితే రాజు రాడు!

కొత్తబలపం:
నిన్న కూర్చుని ‘దేశం’ ఇరవైసార్లు రాశాను. నా పద్ధతిలో ముందే డబ్బా నాలుగువైపులా మూసేస్తే లోపలి అక్షరం ఇరుక్కుని కుంటుతోంది. టీచరు చెప్పినట్టు మూడువైపులా కట్టి, లోపలిది రాసి, ఆఖర్న అడుగు మూస్తే కుదురుగా వచ్చింది. వాళ్ళు పిల్లలకి ‘ముందు లోపలికెళ్ళు, తర్వాత తలుపెయ్యి’ అని చెబుతారట. అది ఒప్పుకుంటాను. ‘నోరు’ లోపల మాత్రం ఏమీ లేదు కదా, దానికి కొట్టేయడం ఇంకా మింగుడుపడలేదు. మా అబ్బాయి ‘మ’కి తలకట్టు ముందే పెట్టేసి కింద గీస్తాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

నైట్‌డ్యూటీ:
ఖాళీ ‘నోరు’ ఒక్కటే అయితే పోనీ అనొచ్చు. అదే నోరు ‘తినడం’లో ఉంది, ‘తాగడం’లో ఉంది, ‘పాడటం’లో ఉంది. చెయ్యి ఒకసారి తప్పు మరిగితే అన్నిట్లోనూ అదే తప్పు.

ఈవూ సరుకు:
డాక్టరు గారూ, ఒప్పేసుకున్నానని కాదు గానీ, పాత సరఫరాదారు ఒకాయన చేత్తో రాసిచ్చిన చీటీ నా దగ్గర రెండేళ్ళుగా ఉంది. ఎన్ని డజన్లు బాకీయో, ఏ రంగువో ఏ యాప్ కూడా చదవలేకపోయింది. ఫొటో పెట్టనా?