డిడ్ వచ్చాక కూడా పిల్లలు 'వెంట్' అనే రాస్తున్నారు, ఎలా మాన్పించాలి?

ప్రశ్న:
ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రెజెంట్ సింపుల్ వాక్యాలిచ్చి పాస్ట్ సింపుల్‌లోకి మార్చమంటే, 'షి గోస్ టు స్కూల్'ని 'షి వెంట్ టు స్కూల్' అని సరిగ్గానే మారుస్తున్నారు. 'షి డజ్ నాట్ గో' దగ్గరికొచ్చేసరికి 'షి డిడ్ నాట్ వెంట్'. ప్రశ్నయితే 'డిడ్ షి వెంట్?'. రూల్ అడిగితే గడగడా అప్పజెబుతారు. ఈడీ స్పెల్లింగులూ తప్పుతున్నాయి: స్టాప్‌కి ఒకే పీ, విజిట్‌కి రెండు టీలు.

జవాబు 1:
తెలుగులోంచే మొదలుపెట్టండి సార్. 'వెళ్ళింది'కి వ్యతిరేకం 'వెళ్ళలేదు'. జరిగిపోయిన సంగతిని 'లేదు' చెబుతోంది, 'వెళ్ళింది' రూపం పోయింది. డిడ్ నాట్ గో కూడా అంతే. ఇది పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. చిక్కంతా ప్రశ్నలో. 'వెళ్ళిందా?' అన్నప్పుడు 'వెళ్ళింది' అలాగే ఉంటుంది కాబట్టి వెంట్‌ని వదలరు. అందుకే ముందు నాట్ వాక్యాలు బాగా చేయించి, తర్వాతే ప్రశ్నలివ్వండి. డు, డజ్ కనిపిస్తే కొట్టేసి పైన డిడ్ రాయించండి. అసలు క్రియను ముట్టుకోనివ్వొద్దు. ఈజ్, ఆర్ ఉన్న వాక్యాలు ఆ రోజు కలపకండి. వాటికి వాజ్, వర్ చాలు, డిడ్ రాదు.

జవాబు 2:
స్పెల్లింగుకి: చివర ఒకే అచ్చు, దాని పక్కన ఒకే హల్లు ఉండి, పలికేటప్పుడు ఊనిక ఆ చివరి భాగం మీద పడితేనే హల్లు రెండవుతుంది. స్టాప్, ప్రిఫర్ అలాంటివి. విజిట్‌లో ఊనిక మొదట్లో ఉంది, అందుకే ఒకే టీ. ట్రావెల్ దీనికి లొంగదు: బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు, అమెరికన్‌లో ఒకటి. క్యారీలో వై ముందు హల్లుంది, ఐఈడీ అవుతుంది. ప్లేలో అచ్చుంది, వై కదలదు.

పలకడం కూడా అప్పుడే నేర్పండి. 'వర్కెడ్' కాదు, 'వర్క్ట్'. టీ, డీ శబ్దాలతో ముగిసేవాటికే 'ఇడ్' వినిపించాలి: వాంటిడ్, నీడిడ్.

జవాబు 3:
పుట్, కట్, రీడ్ మరిచిపోకండి. 'షి పుట్స్' మారిస్తే 'షి పుట్': ఎస్ తీసేయడమే మార్పు. పిల్లలు ఏదో వదిలేశామనుకుని 'పుట్టెడ్' రాస్తారు. రీడ్ స్పెల్లింగ్ మారదు గానీ 'రెడ్' అని చదవాలి. ఇది పైకి చదివిస్తేనే బయటపడుతుంది. 'ఐ పుట్' అని ఒంటరిగా ఇస్తే ఏ కాలమో తెలియదు, పక్కన యెస్టర్‌డే ఉన్న వాక్యాలే ఇవ్వండి.