ఒడియా మీడియంలో చదివిన అమ్మాయిని ఇంగ్లండు బడిలో చేర్పించడం గురించి

ప్రశ్న (బరంపురం నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. నా భార్య నర్సు. ఇంగ్లండులో ఆమెకు ఉద్యోగం వచ్చినందున సెప్టెంబరు నాటికి నేను, మా అమ్మాయి కూడా అక్కడికి వెళ్తున్నాము. అమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి. ఒడియా మీడియంలో ఏడవ తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గాని తెలుగు చదవడం, రాయడం రాదు. ఇంగ్లీషు పాఠం చదవగలదు, నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం నోరు విప్పదు.

అక్కడ తనను ‘ఇయర్ 8’లో వేస్తారని విన్నాము. భాషే రాని పిల్ల ఒక తరగతి దాటేసి వెళ్తే ఎలా తట్టుకుంటుంది? కింది తరగతిలో చేర్చుకోమని అడగవచ్చునా? ఈ రోజు నుంచే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమని బంధువులు గట్టిగా చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (రాయగడ నుంచి వెళ్లి ఇంగ్లండులో ఉంటున్న ఒక తల్లి)

అన్నయ్యగారూ, మొదట తరగతి సంగతి చెబుతాను. అక్కడ అయిదేళ్లు నిండిన పిల్లలతో ‘ఇయర్ 1’ మొదలవుతుంది కనుక వారి లెక్క మన లెక్కకన్నా ఒకటి ముందుంటుంది. ఆగస్టు 31 నాటికి పన్నెండేళ్లు నిండిన పిల్లలు ‘ఇయర్ 8’లో ఉంటారు, మన ఏడవ తరగతి పిల్లల వయస్సూ అదే. మీ అమ్మాయి ఏ తరగతీ దాటడం లేదు. ఇంగ్లీషు రాదన్న ఒక్క కారణంతో కింది తరగతిలో వేయడం అక్కడ సాధారణంగా జరగదు, మీరు అడగవద్దనే నా సలహా కూడా. ఈ వయస్సు పిల్లలకు తమకన్నా చిన్నవారి మధ్య కూర్చోవడం భాష రాకపోవడంకంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు. సీటు కోసం స్థానిక కౌన్సిల్‌కు గాని, నేరుగా బడికి గాని దరఖాస్తు చేయాలి. ఏ పద్ధతో మీ కౌన్సిల్ వెబ్‌సైటులో ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలను అక్కడ ‘ఈఏఎల్’ విద్యార్థులు అంటారు. వారికి ఎంత సాయం అందుతుందన్నది బడిని బట్టి మారుతుంది కాబట్టి, చేర్చే రోజునే ఆ బాధ్యత చూసే టీచరు ఎవరో అడిగి, వారితో విడిగా మాట్లాడండి.

ఇక నోరు విప్పకపోవడం. కొత్త భాష మధ్యకు వచ్చిన పిల్లలలో చాలామంది కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మౌనంగా ఉంటారు. ఆ కాలంలో వారు వింటూ, పోల్చుకుంటూ, లోపల కూడబెట్టుకుంటూ ఉంటారు. సాయంత్రం ఇంటికి రాగానే “ఈ రోజు ఇంగ్లీషులో ఏం మాట్లాడావు?” అని మాత్రం నిలదీయకండి. ఎవరి పక్కన కూర్చుంది, మధ్యాహ్నం ఏం తిన్నది, ఎవరైనా నొప్పించారా అన్నవి తెలుగులో అడగండి.

జవాబు 2 (పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

బంధువుల సలహాను పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. రోజంతా అర్థంకాని మాటల మధ్య గడిపి వచ్చిన పిల్లకు తన దుఃఖం చెప్పుకోవడానికి మిగిలే భాష తెలుగు ఒక్కటే. దానిని కూడా ఇంట్లో నిషేధిస్తే ఆమె ఎవరితో చెప్పుకుంటుంది? మా పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు మొదలుపెట్టాలని తాము ఆ భాష నేర్చుకొని పుస్తకాలు రాశారు. తెలిసిన భాష ఆధారంగానే తెలియనిది నేర్పాలన్న ఆ దృష్టి మీ అమ్మాయికీ వర్తిస్తుంది.

అయితే ఆమె చదువు భాష ఒడియా అని మరువకండి. ఆరు, ఏడు తరగతుల ఒడియా గణితం, సైన్సు పుస్తకాలను తప్పక వెంట తీసుకువెళ్లండి. రేపు బడిలో భిన్నాలో, జీవకణమో చెప్పబోతున్నారని తెలిస్తే ముందురోజు రాత్రి అదే పాఠాన్ని ఒడియాలో చదువుకోమనండి. విషయం ముందే తెలిసి ఉంటే క్లాసులో ఆమె కష్టమంతా ఇంగ్లీషు మాటల మీదనే పెట్టవచ్చు. విషయం, భాష రెండూ ఒకేసారి కొత్తవైతే రెండూ చేజారుతాయి. నిఘంటువు కూడా ఇంగ్లీషు–ఒడియాదే కొనండి. తెలుగు లిపి నేర్పాలని మీకు ఉండవచ్చు, కాని ఈ మొదటి సంవత్సరం ఆ భారం పెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారుగారికి, చెల్లెమ్మకు కృతజ్ఞతలు. మరొక్క సందేహం. దరఖాస్తులో మాతృభాష తెలుగు అని రాస్తే అమ్మాయిని మందబుద్ధి పిల్లల జాబితాలో చేరుస్తారేమోనని నా భార్య భయపడుతోంది.

జవాబు 3 (ఇంగ్లండులో ఉంటున్న తల్లి)

వదినగారిని భయపడవద్దని చెప్పండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో ఇంగ్లండు బడులు అనుసరించే 2015 నాటి నియమావళిలోనే, ఇంగ్లీషు రానందువల్ల మాత్రమే కలిగే ఇబ్బందిని అభ్యసన లోపంగా లెక్కించరాదని స్పష్టంగా ఉంది. నిజం రాయండి: ఇంటి భాష తెలుగు, చదువుకున్న భాష ఒడియా. రెండవది ఫారంలో అడగకపోయినా నోటితో చెప్పండి. భారతదేశం అనగానే హిందీ అనువాదం చేతికిచ్చే టీచర్లు ఉంటారు.

ఇంకొక విషయంలో మీరిద్దరూ ఓపిక పట్టాలి. స్నేహితులతో ధారాళంగా మాట్లాడటం ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకం భాషలో తోటివారితో సమానంగా రాయడానికి 5 నుంచి 7 సంవత్సరాలు పట్టవచ్చునని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ చాలా కాలం క్రితమే చెప్పారు. ఆమె పదహారేళ్ల వయస్సులో జీసీఎస్‌ఈ పరీక్షలు (మన పదవ తరగతి బోర్డు పరీక్షల వంటివి) రాయాలి కాబట్టి, మాటలు వచ్చాయి కదా అని ఈఏఎల్ సాయాన్ని మధ్యలో వదులుకోకండి. ఆ పరీక్షలలో కొన్నింటికి ద్విభాషా నిఘంటువును అనుమతిస్తారు. అయితే రోజువారీ క్లాసులలో దానిని వాడే అలవాటు ఉండాలి. మాస్టారుగారు చెప్పిన ఇంగ్లీషు–ఒడియా నిఘంటువును బరంపురంలోనే కొని, మొదటి రోజు నుంచే సంచిలో పెట్టి పంపండి.