పారిస్ మ్యూజియం పాస్: పిల్లలకీ కొనాలా?

ప్రశ్న: సెలవులకి పారిస్ వెళ్తున్నాం. మేమిద్దరం, 9, 14 ఏళ్ల పిల్లలు, మా అత్తగారు. ఆదివారం దిగి శుక్రవారం బయల్దేరతాం. ఒకే టికెట్‌తో చాలా మ్యూజియాలు చూడొచ్చనే ఆ మ్యూజియం పాస్ ఐదుగురికీ తీసుకోవాలా? పాస్ ఉంటే క్యూలు ఉండవంటున్నారు, నిజమేనా? ఆవిడ ఎక్కువ నడవలేరు, అదే టెన్షన్.

జవాబు: పిల్లలకి కొనకండి. లూవ్ర్, ఓర్సే మ్యూజియాలు, వెర్సాయ్ ప్యాలెస్, సాంత్ షాపెల్ అనే పాత చర్చి, అన్నిట్లోనూ 18 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశం ఉచితం. వయసు చూపించడానికి పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి.

క్యూల సంగతి సగమే నిజం. టికెట్ కౌంటర్ దగ్గర నిలబడే పని ఉండదు కానీ సెక్యూరిటీ చెకింగ్ అందరికీ ఉంటుంది. అసలు చిక్కు వేరే ఉంది. పాస్ ఉన్నా సరే లూవ్ర్‌కి, వెర్సాయ్‌కి, సాంత్ షాపెల్‌కి ఏ టైముకి వస్తారో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. దానికి అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలవి ఉచిత టికెట్లే అయినా మీ టైముకే వాళ్లకీ బుక్ చేయండి. ఈఫిల్ టవర్ ఈ పాస్‌లో లేదు, మెట్రో కూడా లేదు.

ప్రశ్న: థాంక్సండీ. అయితే దిగిన రోజే పాస్ మొదలుపెట్టేస్తే మంచిదా?

జవాబు: వద్దండీ. ఈ పాస్ 48, 96, 144 గంటల లెక్కన ఉంటుంది. మొదటి గేటులో స్కాన్ చేసినప్పటి నుంచి గంటలు వరసగా కరిగిపోతాయి. పైగా సోమవారం ఓర్సే, వెర్సాయ్ మూసేస్తారు. మంగళవారం లూవ్ర్, ఓరాంజరీ మ్యూజియాలు ఉండవు. మీకు 48 గంటలది చాలు. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఓర్సేలో మొదలుపెట్టండి. బుధవారం పొద్దున సాంత్ షాపెల్ చూసి, గదికెళ్లి పిల్లల్ని కాసేపు పడుకోబెట్టి, సాయంత్రం లూవ్ర్‌కి వెళ్లండి. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి వేళ లేదని నా గట్టి అభిప్రాయం. గురువారం ఒంటిగంటకి 48 గంటలూ అయిపోతాయి, ఆ లోపే వెర్సాయ్‌లోకి వెళ్లిపోవాలి. వేసవిలో సంగీతం, ఫౌంటెన్ల ప్రదర్శన ఉండే రోజుల్లో అక్కడి తోటలకి వేరే టికెట్ కావాలి, మీ పిల్లలకి కూడా.

ప్రశ్న: మా అత్తగారు మోనాలిసాని చూస్తే చాలంటున్నారు. ఆవిడకీ పాస్ కావాలా?

జవాబు: అక్కర్లేదు. ఆవిడకి లూవ్ర్ టికెట్ ఒక్కటి విడిగా తీసుకోండి, మీ టైముకే. లోపల వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు పెడితే చాలు. లూవ్ర్ లోపలికి వెళ్లగానే అడిగి తీసుకోండి, మోనాలిసా గది దాకా చాలా దూరం నడవాలి. మీరు ఆర్క్ డ ట్రయాంఫ్ అనే పెద్ద విజయ తోరణం ఎక్కాలనుకుంటే అదీ పాస్‌లోనే ఉంది. 284 మెట్లు కాబట్టి ఆవిడతో ఎవరో ఒకరు కిందే ఉండేలా చూసుకోండి.