తెలుగు సున్నాను ఒడియా 'ఠ'గా చదువుతున్న పాప

మేము ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. పాపకు నాలుగేళ్ల రెండు నెలలు. ఉదయం అంగన్‌వాడీలో ఒడియా అక్షరాలు, సాయంత్రం ఇంట్లో నా దగ్గర పది నిమిషాలు తెలుగు. ఒడియా 'ఠ' కూడా మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది కదా, ఆరు వారాలుగా 'పండు' అని రాసి చూపిస్తే 'పఠడు' అంటోంది. పక్కన బొమ్మ ఉంటే తప్పు రాదు, అంటే చదివేది బొమ్మనే.

తెలుగు ఎరుపులో, ఒడియా నీలంలో రాశాను. నాలుగు రోజులు బాగుంది, పలక మీదికి రాగానే మళ్లీ మొదటికొచ్చింది. బియ్యంలో సున్నా దిద్దించాను. విడిగా అడిగితే సరిగ్గానే చెబుతుంది, మాటలో వస్తేనే తడబాటు. ఒడియా మాన్పించను, రేపు బడి చదువు అందులోనే.

రెండు లిపులు ఒకేసారి నేర్పినవారు చెప్పండి: 'పండు', 'గంట' లాంటి మాటలను కొన్నాళ్లు పక్కన పెట్టాలా, అక్షరాలు విడదీయకుండా మొత్తం మాటగా చూపించాలా?