పాపకు ముక్కలు చేతికివ్వడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

ప్రశ్న: గోదావరి కోడలు

అందరికీ నమస్కారం. మా పాపకు మొన్నటితో 7 నెలలు నిండాయి. ఆడపిల్ల కాబట్టి ఐదో నెలలోనే అన్నప్రాశన చేయాలని మా అత్తగారు పట్టుబట్టినా, 6 నెలలు నిండేవరకూ తల్లిపాలు తప్ప మరేమీ వద్దని పిల్లల డాక్టరు గారు చెప్పడంతో, బేసి నెల కూడా కలిసివచ్చేలా ఏడో నెల రాగానే ఆ వేడుక జరిపించాము. అప్పటినుంచి బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించిన ఉగ్గు, రాగి జావ, నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం పెడుతున్నాము. ఇష్టంగానే తింటోంది.

పోయిన వారం తూకం చూపించడానికి వెళ్ళినప్పుడు, ఇక మిక్సీ పట్టడం తగ్గించి మెత్తగా ఉడికిన ముక్కలు చేతికివ్వమని, వాటినే ఫింగర్ ఫుడ్స్ అంటారని డాక్టరు గారు చెప్పారు. ఆదివారం పొద్దున ఇడ్లీ తుంచి చేతికిచ్చాను. రెండో ముక్కకే పాప ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, నాలుక బయటపెట్టి "ఖక్ ఖక్" మంటూ డోకు వచ్చినట్లు చేసింది. మా అత్తగారు గబుక్కున నోట్లో వేలు పెట్టి ముక్కను లాగేసి, పాపను ఎత్తుకుని మాడు మీద తట్టారు. కింద రెండు పళ్ళు తప్ప ఏమీ లేని పిల్ల ఎలా నములుతుందని, ఏడాది నిండేవరకూ అంతా మెత్తగా పట్టి పెట్టాల్సిందేనని ఆవిడ అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ చేతులు వణికాయి. అసలు ఏ నెలలో మొదలుపెట్టాలి, పళ్ళు వచ్చేదాకా ఆగాలా, మొదట ఏమివ్వాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పిల్లల వార్డు నర్సు, కర్నూలు

చెల్లీ, ముందు ఆదివారం జరిగినదాని గురించి రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో భయమంతా దాని చుట్టూనే ఉంది. మీరు వర్ణించినదాన్నిబట్టి పాపకు వచ్చింది డోకు మాత్రమే, గొంతుకు అడ్డం పడటం కాదు. పెద్దవాళ్ళకు నాలుక బాగా వెనక, గొంతు దగ్గర ఏదైనా తగిలితే తప్ప డోకు రాదు. ఈ వయసు పిల్లల్లో ఆ చోటు ఇంకా చాలా ముందుకు ఉంటుంది కాబట్టి, ముక్క గొంతు దాకా పోకముందే ఒళ్ళు దాన్ని బయటికి నెట్టేస్తుంది. ముఖం ఎర్రబడటం, ఆ చప్పుడు, కళ్ళలో నీళ్ళు అన్నీ అందులో భాగమే. నెలలు గడిచేకొద్దీ, తినడం అలవాటయ్యేకొద్దీ ఇది తగ్గిపోతుంది. నిజంగా ఊపిరి గొట్టానికి అడ్డం పడితే ఇంత సందడి ఉండదు. బిడ్డ ఏడవలేకపోతుంది, గట్టిగా దగ్గలేకపోతుంది, నోరు తెరిచినా శబ్దం రాదు, పెదవులు నీలం తిరుగుతాయి. అందుకే పాప చేతిలో ముక్క ఉన్నంతసేపూ వంటింట్లోంచి చెవి వేసి ఉంచితే సరిపోదు, ఎదురుగా కూర్చుని చూడాలి.

డోకు వచ్చినప్పుడు వేలు పెట్టకండి. కనబడని ముక్క కోసం నోట్లో వేలితో తడిమితే అది ఇంకా లోపలికి పోతుంది. మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం మనందరి ఇళ్ళలోనూ ఉన్నదే. నీళ్ళు పొలమారినప్పుడు అలా తడితే నష్టమేమీ లేదు కానీ, ముక్క అడ్డం పడిన బిడ్డకు దానివల్ల ఉపయోగమూ లేదు. ఏడాదిలోపు బిడ్డకు ఊపిరి ఆడకపోతే, మన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడను వేళ్ళతో ఆనించి పట్టుకుని, తల ఛాతీకంటే కిందకు ఉండేలా వంచి, రెండు భుజపుటెముకల మధ్య మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద 5 సార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే, పక్కనున్నవాళ్ళ చేత 108కి ఫోన్ చేయించాలి. పెద్దవాళ్ళకు చేసినట్లు కడుపు మీద నొక్కకూడదు. బిడ్డ స్పృహ తప్పితే గుండె నొక్కుతూ ఊపిరి ఇచ్చే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఇది చదివి నేర్చుకునే పని కాదు, మీ డాక్టరు గారినో అక్కడి నర్సునో అడిగి బొమ్మ మీద ఒకసారి చేసి చూడండి.

ఇక ఏ నెల అన్నదానికి వస్తే, 8 నెలల నాటికి చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. అయితే నేను క్యాలెండరుకంటే బిడ్డను చూడమంటాను. ఆనుకోకుండా, లేదా కాస్త ఆసరాతో, తల నిలిపి నిటారుగా కూర్చోగలగాలి. ఎదురుగా ఉన్నదాన్ని అందుకుని సూటిగా నోటికి తీసుకుపోగలగాలి. పెట్టినదాన్ని నాలుకతో ఉమ్మేసే అలవాటు పోయి ఉండాలి. పళ్ళతో దీనికి సంబంధం లేదు. నమలడానికి పనికొచ్చే దవడ పళ్ళు ఏడాది దాటాక గానీ రావు, అప్పటిదాకా చిగుళ్ళే ఆ పని చేస్తాయి. మీ వేలు ఒకసారి పాప నోట్లో పెడితే చిగుళ్ళ బలమెంతో మీకే తెలుస్తుంది.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, నల్లగొండ

వైద్యం సంగతి అక్క చెప్పారు కాబట్టి నేను వంటింటి సంగతి చెబుతాను. ఇడ్లీతో మొదలుపెట్టడం అందరం చేసే పనే గానీ, మొదటి ముక్కగా అది అంత మంచిది కాదని నా అనుభవం. చల్లారిన ఇడ్లీ నోట్లో ముద్దలా చుట్టుకుపోయి అంగిలికి అంటుకుంటుంది. ఇవ్వాలనుకుంటే వేడి తగ్గీ తగ్గగానే నిలువుగా కోసి, పలుచని పప్పుకట్టులో తడిపి ఇవ్వండి.

మా పెద్దవాడికి మొదట ఇచ్చింది ఆవిరి మీద ఉడికించిన తియ్యగుమ్మడి, తరువాత చిలగడదుంప, క్యారెట్, సొరకాయ. ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కొంచెం నొక్కితే మెదిగిపోవాలి, లేకపోతే ఇంకో రెండు నిమిషాలు ఉడకనివ్వాలి. క్యారెట్ పైకి ఉడికినట్లు కనబడుతూ నడుమ గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని మధ్యలో నొక్కి చూడండి.

ముక్క సైజు విషయంలో మనందరం తడబడతాము. పసిపిల్ల కదా అని చిన్నగా తుంచి ఇస్తాము, మీరు చేసింది కూడా అదే. కానీ 7 నెలల పిల్లకు వేళ్ళతో ఏరుకోవడం రాదు, గుప్పిటతో పట్టుకోవడమే వచ్చు. చిన్న ముక్క గుప్పిట్లో మాయమైపోతుంది, లేదా ఒకేసారి వెనక్కి జారిపోతుంది. అందువల్ల మన చూపుడువేలంత పొడవు, అంత లావు ఉన్న ముక్క ఇస్తే, సగం గుప్పిట్లో ఉండి మిగతా సగం బయటికి కనబడుతూ, దాన్ని చిగుళ్ళతో గీరుకుంటూ తింటుంది. 9 నెలల ప్రాంతంలో బొటనవేలితో, చూపుడువేలితో మరమరం ఏరుకునే నేర్పు వస్తుంది. చిన్న ముక్కలు అప్పుడు ఇవ్వాలి. అరటిపండు చేతిలో జారిపోతుంటే, తొక్కను కడిగి, కింద సగం తొక్క అలాగే ఉంచి ఇవ్వండి, పిడిలా పనికొస్తుంది. పండిన బొప్పాయి, బాగా మగ్గిన పీచులేని మామిడి, పల్చటి ఆమ్లెట్ పట్టీలు, నెయ్యి రాసిన మెత్తటి దోసె కూడా మావాళ్ళు తిన్నారు. గుడ్డు, మాంసాహారం తినే ఇల్లయితే ముల్లు పూర్తిగా తీసిన చేప, మెత్తగా ఉడికిన కోడిమాంసం కూడా పెట్టవచ్చు. 6 నెలలు దాటాక తల్లిపాలలోని ఇనుము బిడ్డకు చాలదు కాబట్టి, ఎప్పుడూ గుమ్మడి ముక్కలే కాకుండా వీటినీ, పప్పులనూ, ఆకుకూరలనూ మార్చి మార్చి పెట్టాలి.

ములక్కాడ మాత్రం వద్దు. పెద్దవాళ్ళు నమిలి ఊసే పీచు పసిబిడ్డ గొంతులో చుట్టుకుంటుంది. కూరలో ఉప్పు, కారం వేయకముందే పాప వాటా పక్కకు తీసేయండి.

జవాబు: విజయనగరం బామ్మ

అమ్మాయీ, మీ అత్తగారిని అందరూ కలిసి తప్పుపడతారేమోనని రాస్తున్నాను. నేను నలుగురిని పెంచాను, ఐదుగురు మనవలను ఎత్తుకున్నాను. మా వీధిలో ఒక పిల్లవాడు పుట్నాలు అడ్డం పడి ఆసుపత్రి పాలైనప్పటినుంచి మా ఇంట్లో ఏడాదిన్నర దాకా గింజ అనేది నేల మీద ఉండనిచ్చేదాన్ని కాదు. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. బిడ్డకు ఇంకో మూడు నెలలు మెత్తగా పెడితే పోయేదేముంది? ఆకలి తీరడం ముఖ్యం కదా. పళ్ళు దురద పెడితే కొబ్బరి ముక్కో, గట్టి బిస్కెట్టో చేతిలో పెడితే కొరుక్కుంటూ ఆడుకుంటుంది.

జవాబు: పిల్లల వార్డు నర్సు, కర్నూలు

బామ్మగారూ, గింజల విషయంలో మీరు చేసినదే సరైన పని, ఏడాదిన్నర కాదు, నాలుగైదేళ్ళు వచ్చేదాకా అలాగే ఉండాలి. మా దగ్గరికి ఊపిరి గొట్టంలో ఏదో ఇరుక్కుని వచ్చే పిల్లల్లో ఎక్కువసార్లు బయటపడేది పల్లీ గింజ. ఆ తరువాత శనగలు, సీతాఫలం గింజ, చింతగింజ. పల్లీ గింజతో ఇంకో చిక్కు ఉంది. పొలమారి, కాసేపు దగ్గి, బిడ్డ మామూలుగా ఆడుకుంటుంది. ఇంట్లోవాళ్ళు మరిచిపోతారు. లోపల గింజ తడికి ఉబ్బి, దాని నూనెకు చుట్టూ వాచి, వారం పది రోజులకు తగ్గని దగ్గుతో, ఒక పక్కే పిల్లికూతలతో వస్తారు. "ఏదైనా తింటూ పొలమారిందా?" అని మేము పదిసార్లు అడిగితే గానీ గుర్తుకు రాదు. అలా పొలమారిన తరువాత దగ్గు తగ్గకుండా ఉండిపోతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

కానీ మూడు నెలలు ఆగితే పోయేదేమీ లేదనడం మాత్రం సరికాదు. నాలుకతో ముక్కను పక్కకు తోసుకోవడం, చిగుళ్ళతో నలపడం సాధనతో వచ్చే విద్యలు. 10 నెలలు దాటేదాకా ముద్దలు, ముక్కలు ఎరుగని పిల్లలు తరువాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టినట్లు బ్రిటన్‌లో జరిగిన పరిశీలనల్లో కనబడింది. న్యూజిలాండ్‌లో 206 మంది పిల్లలను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, స్పూనుతో తిన్నవారికీ, తమంతట తాము ముక్కలు తిన్నవారికీ గొంతుకు అడ్డం పడటంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ముక్కలు తిన్న పిల్లల తల్లిదండ్రులకు ఏవి ఇవ్వాలో, ఏవి ఇవ్వకూడదో ముందే నేర్పించారు, ఆ సంగతి మరవకూడదు. అసలు కొబ్బరి ముక్క, గట్టి బిస్కెట్టు గుమ్మడి ముక్కకంటే ఎన్నో రెట్లు ప్రమాదం. రెండు పళ్ళతో కొరకగలదు, కొరికినదాన్ని నలపలేదు. పచ్చి యాపిల్, పచ్చి క్యారెట్, జామకాయ, జంతిక, పాప్‌కార్న్ కూడా అంతే. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి, తాటిముంజను మెదిపి ఇవ్వాలి.

జవాబు: డల్లాస్ నాన్న

పల్లీల మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం చేర్చుతాను. గింజగా పల్లీ వద్దు గానీ, పల్లీ రుచి వద్దని కాదు. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు 11 నెలలలోపే పల్లీ పదార్థాలు అలవాటు చేస్తే ఆ అలర్జీ బాగా తగ్గిందని 2015లో వెలువడిన లండన్ పరిశోధన తరువాత, ఇక్కడి డాక్టర్లు వాటిని ఆలస్యం చేయవద్దనే చెబుతున్నారు. మా బాబుకు మెత్తటి పల్లీ ముద్దను జావలో పలుచగా కలిపి పెట్టాము. చిక్కటి ముద్దను స్పూనుతో పెడితే గొంతుకు అంటుకుంటుంది. ఒంటి మీద తీవ్రమైన ఎగ్జిమా (దురద పెట్టే చర్మ వ్యాధి) ఉన్నా, గుడ్డుకు దద్దుర్లు వచ్చినా ముందు డాక్టరును అడగాలి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండగల బాటులిజం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తాయి. అన్నప్రాశన రోజున నాలుకకు తేనె రాసే ఆచారం మా ఇంట్లోనూ ఉంది. మేము పాయసం చుక్కతో సరిపెట్టాము.

ప్రశ్న అడిగినవారు: గోదావరి కోడలు

అందరికీ కృతజ్ఞతలు. బామ్మగారి మాట మా అత్తగారికి చదివి వినిపించాను, ఆవిడ చాలా సంతోషించారు. తరువాత నర్సు అక్క మాట కూడా వినిపించాను. ఇంకొక్క సందేహం. పాపను చంకనెత్తుకుని, పెరట్లో కాకులను చూపిస్తూ తినిపించడం మాకు అలవాటు. ముక్కలు కూడా అలా ఇవ్వవచ్చా?

జవాబు: పిల్లల వార్డు నర్సు, కర్నూలు

వద్దు. నడుస్తూ, నవ్విస్తూ, పడుకోబెట్టి, కారులో వెనక సీట్లో ముక్కలు ఇవ్వకూడదు. నేల మీద చాప వేసి, మీ ఒళ్ళో వీపు ఆనించి నిటారుగా కూర్చోబెట్టుకున్నా చాలు, కుర్చీ కొనాల్సిన పని లేదు. అయితే ముఖం కనబడాలి కాబట్టి ఎదురుగా ఇంకొకరు ఉండాలి. ఆ చోటు మీ అత్తగారికి ఇవ్వండి. నిద్రమత్తులో ఉన్నప్పుడు, మరీ ఆకలితో ఏడుస్తున్నప్పుడు వద్దు. పాలు తాగిన ఒక గంటకు మొదలుపెట్టండి. మొదటి రోజుల్లో తిన్నదానికంటే పారేసింది ఎక్కువ ఉంటుంది, జావ, పప్పన్నం యథాప్రకారం పెడుతూనే ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే మాత్రం ఈ నెలల లెక్కను డాక్టరుతో సరిచూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: గోదావరి కోడలు

నిన్న సాయంత్రం గుమ్మడి ముక్క ఇచ్చాము. రెండుసార్లు డోకు వచ్చింది, రెండుసార్లూ తనే నాలుకతో ముందుకు నెట్టేసి మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న అత్తగారు రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని, వేలు పెట్టకుండా చూస్తూ ఉండిపోయారు. ముక్కలో మూడో వంతు కడుపులోకి పోయిందో లేదో గానీ, మిగిలినదంతా జుట్టులో, చెవి వెనకాల, చాప అల్లిక సందుల్లో దొరికింది. రాత్రి పాప నిద్రపోయాక అత్తగారు తలగడను ముంజేతి మీద బోర్లా పెట్టుకుని, "ఇక్కడేనా కొట్టాలన్నది?" అని నన్ను అడిగారు.